కాకికాలున్న ముక్కుపుల్ల

మొన్న మనవరాలితో నగల దుకాణానికి వెళ్లాను. వజ్రపుటుంగరం చేతిలో పెట్టగానే, అలవాటు ఊరుకోదు కదా, నోటి దగ్గరికి తెచ్చుకొని ఊదాను. రాతి చల్లదనం పెదవికి తగిలింది. "నానమ్మా, పరువు తీయకు" అని పిల్ల గొణిగింది. నేనెక్కడ విన్నాను, అప్పటికే పురానాపూల్ దగ్గరి మా గల్లీలో, జైబున్ ఖాలా ముందు కూర్చొని ఉన్నాను. ఆవిరి గాజు మీద కాసేపు నిలుస్తుందనీ, వజ్రం మీద చిటికెలో ఆరిపోతుందనీ నాకు నేర్పింది ఆమే.

అవి నిజాం రోజులు. ఖాలా మా పక్కింటావిడ, పిన్ని వరసగా అలా పిలిచేదాన్ని. భర్త పోయాక నగల బేరంలోకి దిగింది. నవాబుల దేవిడీల్లోని పరదా స్త్రీలు దుకాణాలకు రారు. వాళ్లకు నగలు తీసుకెళ్లి చూపడం, వాళ్లు వద్దనుకున్నవి బయట అమ్మిపెట్టడం ఆమె పని. ఆ పనికి పెట్టుబడి ఆమె మాటే. రాయి తెస్తే పొద్దున్నే, ఎండ తగలని వాకిట్లో, తెల్లకాగితం మీద బోర్లించేది.

"దీపం కింద గాజు సుత నవ్వుతది బిడ్డా. గిట్ల బోర్లేసి చూడు, పసుపు ఉంటె దాగదు" అనేది. లోపల నల్లగీతలు కాకి అడుగులా కలిసి కనిపిస్తే దాన్ని కాకికాలంటారు. అలాంటి రాయి అరిష్టమని మా వాళ్లకు భయం. ఖాలా ఆ భయాన్ని వెక్కిరించేది కాదు, ఉంటే ఉందని చెప్పి ధర తగ్గించేది.

మా ఇంట్లో పాడి ఉండేది. అమ్మ నెయ్యి అమ్మి కూడబెట్టుకున్నదంతా ఒక వజ్రపు ముక్కుపుల్ల కోసమే. ఖాలా ఒక దేవిడీ నుంచి తెచ్చిచ్చింది. వెనక మూసిన కట్టు, రాయి మెరిసేలా కింద వెండి రేకు. రంజాన్ హడావుడి, పైగా పెద్దింటి నగ. ఖాలా కట్టు విప్పించలేదు. అమ్మ అది పెట్టుకొని పాలు పోస్తుంటే గల్లీ అంతా ఆమె ముక్కునే చూసేది.

బేగములు స్నానానికి ముందు నగలు తీసి పెట్టెలో పెడతారు. మా అమ్మ ముక్కుపుల్ల తీయడమా? తీస్తే అశుభమని మా ఇంటి పట్టింపు. రోజూ చన్నీళ్లు, సున్నిపిండి. కొన్నాళ్లకు నీళ్లు లోపలికి దిగి రేకు నల్లబడింది, రాయి మసకబారింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. కొంగు ముక్కు దాకా లాక్కొని తిరిగింది.

ఒకరోజు మా వాకిట్లో ఖాలా పెళ్లినగలు చూపిస్తోంది, చుట్టూ అమ్మలక్కలు. ఆమె చూపు అమ్మ మీద పడింది.

"ఏంది మల్లమ్మా, నా దగ్గర ముక్కు దాస్తున్నవ్?"

"ఏం లేదు జైబున్, పడిశం" అంది అమ్మ.

ఖాలా లేచి కొంగు తొలగించింది. నగలు చేసే ఎదురింటి అవుసలాయన్ని పిలిచి అక్కడే కట్టు విప్పించింది. రాయిని కాగితం మీద బోర్లిస్తే లేత పసుపు. పైకెత్తి చూస్తే కాకికాలు. అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని, "నువ్వు సప్పుడు జెయ్యకు, నేను ఎవ్వరికి చెప్ప. నీ బతుకుదెరువు పోతది" అని గుసగుసలాడింది.

ఖాలా చెయ్యి విడిపించుకుంది. అమ్మలక్కల వైపు తిరిగి, "వజ్రమే గని మంచిది గాదు. విప్పి చూడకుండ అమ్మిన. తప్పు నాది" అంది. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకొని లేచిపోయారు. ఆ పెళ్లిళ్ల కాలమంతా ఆమె గడప ఎవరూ తొక్కలేదు. ఇంట్లో పొయ్యి వెలగని పూటలు నాకు తెలుసు, అన్నం గిన్నె తీసుకెళ్లింది నేనే కనుక. అప్పుడు నాకెంత కోపమో, నోరు మూసుకుంటే ఏం పోయేదని.

రాయి వెనక్కి తీసుకుంటానని ఖాలా ఎంత చెప్పినా అమ్మ ఇవ్వలేదు. వెనక తెరిచిన కట్టు వేయించి మళ్లీ పెట్టుకుంది. పాలకొచ్చిన ప్రతి ఆడమనిషికీ ముక్కు ఎత్తి తనే చూపించేది. "ఇగో, కాకికాలు. నేను దాచిన, జైబున్ చెప్పింది. తన తప్పే దాచనిది, నీ రాయి తప్పు దాస్తదా?"

ఒక్కొక్కరే ఖాలా గడపకు మళ్లారు. ముందుగా వెళ్లింది, ఆ రోజు అందరికన్నా ముందు లేచిపోయినావిడే.

అమ్మ పోయాక ఆ ముక్కుపుల్ల నాకొచ్చింది. మంచి రాయి వేయించుకోమని పిల్లలు పోరుతూనే ఉంటారు. ఇంతకన్నా మంచిది నేను చూడలేదని చెబితే నవ్వుతారు, నవ్వనీ.