మా బావ మెడలో పలుగురాయి

రెండు నెలల క్రితం మా చేలో బావి తవ్వినప్పుడు దొరికిన పలుగురాయి ముక్కను అరగదీయించి, మా బావ మెడలో కట్టాను. కాశీ నుంచి తెప్పించిన స్ఫటికమని, అది ఉండగా తాగితే కళ్లు పోతాయని చెప్పాను. మహానుభావుడు నిజంగానే బ్రాందీ మానేశాడు, మా అక్క ప్రాణం కుదుటపడింది.

ఈ రోజు విరుదునగర్‌లో రంగురాళ్లమ్మే తెలుగాయన కొట్టు కనబడగానే బావ ఆ రాయి తీసి చూపించాడు. బస్సు పోతుందని నేను తొందరపెట్టాను. ఆయన దాన్ని చెంపకు ఆనించి చల్లదనం చూసి, ఊదా, పసుపు, గులాబీ, పొగరంగు రాళ్లు పక్కన పేర్చాడు.

"ఇవన్నీ ఒగే జాతి సామీ. రంగు మారితే పేరు మారతాది, రేటూ మారతాది. నీది గాజు కాదు, అసలు స్ఫటికమే. యాడ దొరికె?"

"మా బామ్మర్ది కాశీనించి తెప్పిచ్చినాడు," అన్నాడు బావ, నన్ను దేవుణ్ని చూసినట్టు చూస్తూ.

కాశీ సంగతి పక్కన పెడితే, నేను పొరపాటున నిజమే చెప్పానన్నమాట. ఇంత అవమానం నాకెప్పుడూ జరగలేదు.

ఇప్పుడు బావకు అసలు సంగతి చెప్పమంటారా? చెప్పమనేవాళ్లు ముందు మా ఊరు కోవిల్‌పట్టి వచ్చి మా అక్క ఎదుట నిలబడి ఆ మాట అనండి.