తాళానికి వేలాడిన మల్లెపూలు

నాచారంలో మందుల కంపెనీ ప్యాకింగ్‌లో నా పక్కన పనిచేసే అక్క రోజూ ఉప్పల్ బస్టాపులో మూర మల్లెపూలు కొనేది. గాజులు, బొట్టు, పూలు ఏవీ లోపలికి రానివ్వరు. అందుకే ఆ మూరను లాకర్ తాళానికి వేలాడదీసి పనిలోకి వచ్చేది. సాయంత్రానికి అవి సగం వాడిపోయేవి.

"లోపలికి రానియ్యని పూలు రోజూ ఎందుకు కొంటవక్కా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"బయటికొచ్చేసరికి మన కోసం ఏదో ఒకటి ఎదురుసూడాలె గద," అంది.

ఒకరోజు పక్క బ్లాకులో పొగ లేచి సైరన్ మోగింది. అందరం గేటు దగ్గరికి ఉరికాం. సూపర్‌వైజర్ పేర్లు పిలుస్తున్నాడు. అక్క పేరుకు జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. అప్పుడొచ్చింది అక్క, దగ్గుతూ, కళ్లు తిరిగి పడిపోయిన ఒకామెను భుజానికి ఆనించుకుని.

పొగ తగ్గాక సామాన్లు తెచ్చుకోమని లోపలికి వదిలారు. అక్క తాళం మీది పూలు తీసి జడలో పెట్టుకోబోయింది. మూర చేతిలోంచి జారి కింద పడింది. తీసింది. మళ్లీ పడింది.

"జర నువ్వు పెట్టు."

"ఇయ్యాల గూడనా అక్కా?"

"ఇయ్యాల పెట్టుకోకుంటే, రేపు నా కాళ్లు గీ గేటు దాటి లోపలికి రావు పిల్లా."