వల చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా జాలరిపేట బతు బస్తీ కుర్రాళ్ళు ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. క్లబ్బంటే ఒక బంతి, పదకొండు మంది ఆటగాళ్ళు, నలభై మంది సలహాదారులు. ఆ బంతి కుట్లమీద కుట్లు పడి పనసకాయలా ఉండేది. ఎటు తన్నినా తనకి నచ్చినవైపే పోయేది. మా చిన్నాన్న గట్టిగా తంతే ఆ గాలికి జెట్టీలో కట్టిన ఓడ ఊగేదని నేను బళ్ళో చెప్పేదాన్ని. ఓడ ఎలాగూ ఊగుతుంది కాబట్టి ఎవరూ కాదనలేకపోయేవారు.

మావాళ్ళంతా శ్రీకాకుళం తీరం నుంచి ఈ ద్వీపాలకి వచ్చి ఇక్కడి సముద్రం మీద బతికేవాళ్ళు. ఆదివారం వేట మానేసి బంతి వెనక పరిగెత్తడం పెద్దలకి మింగుడుపడలేదు. నాలుగు రోజులు గొణిగి ఒక తీర్పు చెప్పారు. ఈ మొదటి సీజన్లో మన లెక్కలో ఒక్క గోలైనా పడితే క్లబ్బు ఉంటుంది. లేకపోతే వచ్చే ఏటినుంచి ఆదివారం కూడా అందరూ పడవెక్కాల్సిందే.

ఒక్క గోలే కదా అనుకుంటారు మీరు. కానీ వల లాగేటప్పుడు అందరూ ఒకే తాడు పట్టడం మావాళ్ళ అలవాటు. ఆ అలవాటు మైదానంలోనూ పోలేదు. బంతి ఎక్కడుంటే పదకొండుమందీ అక్కడే ఉండేవారు, గోల్‌కీపర్‌తో సహా. ఇక మన పోస్టు దగ్గర కాపలా ఉండేవి రెండు మేకలు. అలా ఆటలన్నీ ఓడిపోయి చివరిదానికి వచ్చాం.

అప్పట్లో ఆ మైదానంలో పోస్టులకి వల ఉండేది కాదు. బంతి లోపలినుంచి పోయిందా పక్కనుంచి పోయిందా అని ఆట గంటసేపు, తగువు రెండు గంటలు. అది చూడలేక మా తాతయ్య తన పాత వలని కోసి, అతుకులు వేసి, చివరి ఆటకి రెండు పోస్టులకీ కట్టాడు. సొరచేపలు పట్టిన వలలో గోలు పడే భాగ్యం ప్రపంచంలో మాకు తప్ప ఇంకెవరికీ దక్కలేదని నా నమ్మకం.

ఆ ఆట విమానాశ్రయం పక్కనుండే లంబాలైన్ పేటవాళ్ళతో. విమానాల మోతలో పెరిగినవాళ్ళు, మా అరుపులకి జడిసే రకం కాదు. వాన అప్పుడే వెలిసింది. మైదానమంతా బురద. నేను వాళ్ళ పోస్టు పక్కన, వలని ఆనుకుని కూర్చున్నాను.

ఆట అయిపోవస్తోంది. చిన్నాన్న గీత పక్కనుంచి తుపానులా వచ్చి తన్నాడు. బంతి పోస్టుకి బయటినుంచి వచ్చి, వల పక్కభాగాన్ని తాకి, పాత పోగులు తెంపుకుని లోపలికి దూరింది. నా ముక్కుకి జానెడు దూరంలో. ఈ రెండు కళ్ళతో చూశాను. చూసి కూడా, అందరికంటే ముందు "గోల్" అని అరిచింది నేనే.

ఇంకేముంది, సముద్రం పొంగింది. డబ్బాలు మోగాయి, టోపీలు ఎగిరాయి, పెద్దలు కూడా లుంగీలు ఎగ్గట్టి గెంతారు. లంబాలైన్ వాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. రిఫరీగా ఉన్న మాస్టర్జీ సరిగ్గా ఆ క్షణంలో బురదలో జారిపడి ఆకాశం చూస్తున్నాడు. ఆయన లేచి, మొహం తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు.

"బేటీ, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. సచ్ బోల్, బాల్ ఎటునుంచి వచ్చింది?"

మైదానం మొత్తం నావైపు తిరిగింది. అడక్కుండానే బొమ్మలు కొనిపెట్టే మా చిన్నాన్న కూడా నన్నే చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను.

ఇంతలో తాతయ్య వచ్చి నాకూ మాస్టర్జీకీ మధ్య కూర్చున్నాడు. నావైపు చూడలేదు.

"గుంటనెందుకు అడగడం మాస్టర్జీ. వల ఉంది కదా, అది చెప్తాది."

తెగిన పోగుల్ని వేలిమీద పరిచి చూపించాడు. చేప లోపలినుంచి తెంపుకుపోతే పోగులు బయటికి తిరుగుతాయట. ఇవన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. అంటే బంతి బయటినుంచి దూరింది. గోలు పోయింది.

చిన్నాన్న దూసుకొచ్చాడు. "అయ్యా, నీ కొడుకు ఏ జట్టులో ఆడుతున్నాడో మర్చిపోయావేటి?"

"మరవలేదురా. కాలికి బురదుంది, తుడుచుకుని ఆడు," అని తాతయ్య వెదురు సూది తీసి చిరుగు అల్లేశాడు.

ఆ కోపం మావాళ్ళ కాళ్ళలోకి దిగింది. పదకొండుమందీ ఒక్క గుంపుగా, మేకలని కూడా వదిలేసి, బంతిని తోసుకుంటూ పోయారు. ఆ తొక్కిసలాట చూసి కంగారుపడ్డ లంబాలైన్ ఆటగాడొకడు బంతిని బయటికి కొట్టబోయి, తన మోకాలితో తన పోస్టులోకే కొట్టుకున్నాడు. ఈసారి వల ముందుభాగంనుంచే.

అది మన గోలేనా? దానిమీద పెద్దలు మూడు రోజులు పంచాయితీ పెట్టారు. మనవాడు కొట్టలేదన్నారు కొందరు. ఆఖరికి అందరిలోకీ పెద్దాయన తేల్చేశాడు. చేప తనంతట తాను ఎగిరి పడవలో పడితే సముద్రంలోకి విసిరేస్తున్నామా, అదీ మన వేటే కదా అన్నాడు. క్లబ్బు నిలిచింది.

ఆ వారంలో తాతయ్య వల బాగుచేస్తుంటే పక్కన చేరి, మాస్టర్జీని నన్నెందుకు అడగనివ్వలేదని అడిగాను.

"అడిగితే నువ్వేటి చెప్పేదానివో నాకు తెలీదమ్మా. నీకూ తెలీదు. మరి అలాంటప్పుడు ఎందుకు అడగడం?" అన్నాడు సూది ఆపకుండా.

ఇప్పుడు నేను మాయాబందర్లో బడిపంతులమ్మని. నా క్లాసు కిటికీ అద్దాలు పగిలినన్ని ఈ ద్వీపాలన్నిటిలోనూ ఇంకెక్కడా పగిలి ఉండవు. పగిలిన ప్రతిసారీ పిల్లలు బిగుసుకుపోయి నా నోటివైపే చూస్తారు. నేను ఎవర్నీ ఏమీ అడగను. వంగి, గాజుముక్కలు గదిలోకి పడ్డాయా బయటికి పడ్డాయా అని ముందు చూసుకుంటాను.