నేస్తం పేరున కొన్న భూమి

నా ఆఖరి పోస్టింగు అరకులోయలో. కరోనా భయం తగ్గి టూరిస్టు కార్లు మళ్లీ ఘాట్ రోడ్డెక్కడం మొదలుపెట్టిన ఏడాది, వానలకు ముందు, గిరిజన సంక్షేమ విభాగంలో స్పెషల్ డిప్యూటీ తహసీల్దారుగా చేరాను. హోదా పేరు పొడుగే గాని పని ఒక్కటే. కొండ మీద భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోతోందని తెలిస్తే విచారించి, స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో కేసు వేయాలి. తీర్పు ఆయనది, సాక్ష్యం పోగుచేసే తిప్పలు మావి. మా చుట్టాలు "అరకులో ఉద్యోగమా, అదృష్టవంతురాలివే" అని కుళ్లుకునేవారు. వాళ్లకు వలిసె పూలు కనిపించేవి, నాకు వాటి కింద సర్వే నంబర్లు కనిపించేవి.

ఏజెన్సీలో భూమిని గిరిజనులు తప్ప వేరెవరూ కొనకూడదు. అమ్మేవాడు గిరిజనుడైనా, కాకపోయినా అంతే. రాయించుకున్నా చెల్లదు. 1970 నాటి ఆ ఒకటో నిబంధనను వాడుకలో వన్ సెవెంటీ అంటారు. ఆ సంగతి తెలియనివాడు కొండ మీద లేడు. అందుకే తెలిసినవాళ్లు నమ్మకమైన గిరిజనుడి పేరు ముందు పెట్టి తాము కొంటారు. కాగితంలో యజమాని అతను, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వీళ్లు. చట్టం దృష్టిలో అదీ బదిలీయే. కాని ఆ పేరున్న మనిషి "నా భూమే" అని ఒక్క మాట మీద నిలబడితే, కాదని రుజువు చేసేసరికి మాకు తలప్రాణం తోకకొచ్చేది.

ఆ వానాకాలంలోనే అప్పలనాయుడి మీద ఫిర్యాదు వచ్చింది. ఎస్.కోట వైపు రైతు కుటుంబం. వయసులో ఉండగా కొండెక్కి, రోడ్డు పక్క పాకలో టిఫిన్ హోటల్ పెట్టాడు. నేను చూసేనాటికి అర ఎకరంలో స్లాబు హోటలు, దాని పక్కన టూరిస్టులకు అద్దెకిచ్చే గదులు ఉన్నాయి. వెనక రేకుల ఇంట్లో సోమ్రా, అతని భార్య ఉండేవారు. భూమి సోమ్రా పేరున ఉంది. పాస్‌బుక్కు అతనిదే, కరెంటు మీటరూ అతనిదే.

సోమ్రా పై ఊరి గిరిజన రైతు. మొదట్లో హోటలుకు అడ్డాకులు, కట్టెలు మోసుకొచ్చేవాడు. అలా స్నేహం ముదిరి, ఒక పండగనాడు ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. ఇది ఆ కొండల్లో ఉత్తమాట కాదు. పెద్దల ముందు కొత్త గుడ్డలు మార్చుకుని, ఒకరి నెత్తిన ఒకరు పసుపు బియ్యం వేసుకుంటారు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు. నేస్తం అనే పిలవాలి. పేరు పెట్టి పిలిస్తే ఆ బంధం తెగినట్టే.

తనిఖీకి వెళ్లిన నాకు అప్పలనాయుడు అల్లం టీ ఇచ్చి, భూమి ఎంత జాగ్రత్తగా ఎంచాడో వరసపెట్టి చెప్పాడు. మొదట చూసినది డి-పట్టా. అంటే ప్రభుత్వం పేదవాడికి సాగు చేసుకోమని ఇచ్చినది, దాన్ని ఎవరూ అమ్మకూడదు గనుక వదిలేశాడు. తర్వాత చూసినదానికి అటవీ హక్కుల పత్రం ఉంది. అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది గాని చేయి మారదు. అదీ వదిలేశాడు. చివరికి జిరాయితీ, అంటే తాతల నాటి సొంత పట్టా భూమి దొరికింది. అమ్మిన గిరిజనుడికి నిక్కమైన పట్టా ఉంది, తాకట్టు లేదు, పాలివాళ్ల తగాదా లేదు. మైదానంలో ఎంత చదువుకున్నవాళ్లూ ఇన్ని చూసి కొనరు. ఇంత తెలివి ఉన్నవాడు ఇలాంటి పని ఎందుకు చేశాడా అని నాకు ఒళ్లు మండింది.

"కొన్నది ఎవరు?" అని అడిగాను.

"కాగితంలో ఉంది కదమ్మా, నేస్తమే" అన్నాడు. కళ్లు మాత్రం గదుల వైపు తిప్పేసుకున్నాడు.

సోమ్రా తన మిరియాల పాదుల దగ్గర ఉన్నాడు. సిల్వర్ ఓక్ చెట్లకు తనే పాకించాడట. ఈ భూమి మీదకు వచ్చినప్పుడు పై ఊళ్లో తన వాటా భూమి చెక్కను అన్నదమ్ములకు వదిలేశాడని భార్య చెప్పింది. ఇక్కడ కాకపోతే వాళ్లకు ఇంకెక్కడా జానెడు నేల లేదన్నమాట. వాంగ్మూలం అడిగితే సోమ్రా, కోర్టులోనే చెబుతానన్నాడు. కేసు వేశాను.

విచారణనాడు అప్పలనాయుడు ప్లీడరు నేర్పిన పాఠం అప్పజెప్పాడు. "నాకేటీ సంబంధం లేదు బాబూ. భూమి, గదులు అన్నీ నేస్తానివే. నేనక్కడ జీతానికి వంట సేత్తన్నాను" అన్నాడు. నేస్తం అంటే ఎవరో పేరు చెప్పమన్నారు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. అప్పలనాయుడు ప్లీడరు వైపు చూశాడు. ప్లీడరే లేచి పేరు చెప్పాడు.

తర్వాత సోమ్రాను పిలిచారు. గుమ్మం దగ్గర నిలబడి ఆ మాటలన్నీ విన్నాడతను. భూమి నీదేనా అని అడిగారు. అవునంటే చాలు, నా కేసు అక్కడికక్కడే చతికిలబడేది. హోటలు హోటలుగా ఉండేది, రేకుల ఇల్లు ఇల్లుగా ఉండేది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, సోమ్రాకు తప్ప.

"కాదు బాబూ" అన్నాడు. "ఆయన నామీద అలిగి అలాగ అంటన్నాడు. నేనేటి తప్పు సేసినానో తెలవదు. భూమి ఆయనదే. సొమ్ము ఆయనదే. నాది ఏలిముద్రొకటే. నేస్తం సొత్తు నాదంటే మా దేవత ఊరుకోదు."

ప్లీడరు తల పట్టుకున్నాడు. గుమాస్తా ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాడు. గెలిచిన కేసు ఫైలు చంకన పెట్టుకుని నేను బయటికి నడిచాను.

వరండాలోకి రాగానే అప్పలనాయుడు అరిచాడు. "సోమ్రా! ఎంత పని సేసేసినావురా, సోమ్రా!"

అక్కడున్న గిరిజనులంతా మాటలాపి తిరిగి చూశారు. సోమ్రా తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, అందరి వెనక మెట్లు దిగి వెళ్లాడు.

కోర్టులో ఏం చెప్పాలో అతనికి ముందే ఎందుకు చెప్పుకోలేదని అప్పలనాయుణ్ణి అడిగాను. అతను గోడకు చేరగిలబడి, "ఎలాగ సెప్పీదమ్మా? ఇది నీదని సెప్పు అని నా నోటితో నేనే అన్నాననుకో, రేపు నిజంగానే నాదంటే నేనేటి సేసీది? ఆ బయంతోటే నోరిప్పనేదు" అన్నాడు. ఎవరి నిజాయితీని నమ్మి ఆస్తంతా పెట్టాడో, ఆ మనిషినే ఒక్క మాట దగ్గర నమ్మలేకపోయాడు.

క్రయం చెల్లదని తీర్పు వచ్చింది. అలాంటప్పుడు భూమిని మొదట అమ్మినవాడికి గాని, అతని వారసులకు గాని తిరిగి ఇవ్వాలి. వాళ్లు వద్దంటేనే ప్రభుత్వం మరో గిరిజనుడికి ఇస్తుంది. అమ్మినాయన పోయాడు. డొంకరాయి వైపు పని చేసుకుంటున్న కొడుకు కబురందగానే వచ్చాడు. వద్దనలేదు. ఎందుకంటాడు? సోమ్రా కూడా గిరిజనుడే కదా, అతనికి దక్కదా అని మా ఆఫీసులోనే అడిగారు. కొన్నది నేను కాదని అతనే చెప్పాక దక్కే దారి లేదు.

పై కోర్టులకు వెళ్లే ఓపిక అప్పలనాయుడికి లేకపోయింది. స్వాధీనం ఇప్పించే రోజు సన్నగా ముసురు పట్టింది. సామాను ముందే వ్యానుకెక్కించి సాలూరులో బామ్మర్ది దగ్గరకు దిగిపోయాడు. సోమ్రా దంపతులు గిన్నెలు, బట్టలు మూటకట్టుకున్నారు. పెదబయలు వైపు కాఫీ తోటల్లో కూలికి వెళుతున్నామన్నారు. మిరియాల పాదులు ఆ ఏడు బాగా కాశాయి. వాటిని కోసుకోనివ్వమని నేను కొత్త యజమానిని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు.

జీపు ఎక్కబోతుంటే సోమ్రా దగ్గరకొచ్చాడు. భూమి సంగతి ఎత్తుతాడనుకుని, చెప్పాల్సిన సెక్షన్లు మనసులో సిద్ధం చేసుకున్నాను.

"అమ్మా, ఆయన నన్ను పేరెట్టి పిలిసేసినాడు. మళ్లీ నేస్తం కట్టుకోడానికి అవుద్దేటి?" అని అడిగాడు.



రిటైరయ్యాక కూడా అరకులో భూమి కొంటామంటూ సలహాకు వచ్చేవాళ్లున్నారు. పట్టా ఏ రకం, తాకట్టులు ఉన్నాయా, సర్వే హద్దులు సరిపోయాయా అని ఒకటే ప్రశ్నలు. అవన్నీ తర్వాత. ఆ నేలను నా పేరున ఉంచుకునే హక్కు నాకుందా అన్నది ముందు తేల్చుకోమంటాను. లేదంటే మిగతావి అడగడం దండగ. అక్కడితో లేచేవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు గొంతు తగ్గించి, "మాకు అక్కడ బాగా నమ్మకమైన మనిషి ఉన్నాడండీ" అంటారు.

అయితే అసలే కొనవద్దంటాను.