మనుషులకు చెప్పొచ్చిన చెల్లె

మా చెల్లె పోయింది. సోమవారం పొద్దున నేను దేవుని ముందు దీపం పెట్టి లేస్తుంటే జనగామ నుంచి ఫోను వచ్చింది. గుండె ఆగిందన్నారు. దవాఖాన గేటు దాకా కూడా ఆగలేదన్నారు. 

మా తోడబుట్టినవాళ్లలో నేను పెద్దదాన్ని, ఆమె నా తర్వాతిది. చివరివాడు తమ్ముడు. చూడవచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు, "నోరు పెద్దది గానీ మంచి మనిషి" అని. శవం పక్కన కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. అప్పుడు ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఊరుకోబుద్ధి కావడం లేదు. మంచితనానికి ఆ నోరు అడ్డమైనట్టు మాట్లాడారు. ఆ నోరు ఏం చేసిందో వీళ్లకు తెలియదా?

చెల్లెకు జనగామలో ఇంటి ముందు గదిలోనే కుట్టు దుకాణం ఉండేది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. సూది పెదాల మధ్యనే ఉంచుకొని అందరితో మాట్లాడేది. కోపం వస్తే ముందు దాన్ని తీసి కొంగుకు గుచ్చుకునేది. సూది తీసిందంటే ఎదుటివాళ్లు సర్దుకోవాల్సిందే.

ఒకసారి ఒకామె వచ్చి, "మొదలు ఒక జాకెట్టు ఊరికే కుట్టి సూపియ్యి. మంచిగుంటే పెండ్లి బట్టలన్నీ నీకే ఇస్త" అంది. చెల్లె సూది తీసింది. "వంటాయనను గూడ గిట్లనే పిలుస్తవా అమ్మ? ఈ పెండ్లికి ఊరికే వండు, మంచిగుంటే రెండో పెండ్లికి పిలుస్త అంటవా?"

ఆమె నవ్వింది. బట్టలు మాత్రం కూలికే ఇచ్చిపోయింది.

మూడేళ్ల కింద మా తమ్ముడి బిడ్డ వరంగల్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది. మా ఊరు కురవి దగ్గర. అక్కడ ఆ చదువుకు తగ్గ కొలువు ఏముంటుంది? జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్లు డెమోకు రమ్మన్నారు. డెమో అంటే ఉద్యోగం ఇచ్చే ముందు ఒక పాఠం చెప్పించి చూడడం. పిల్ల చెల్లె ఇంట్లో దిగింది.

ఒక్క రోజు అన్న డెమో వారమైంది, రెండో వారంలో పడింది. చైర్మన్ సారు ఇంకా చూడలేదన్నారు. ఇంకో సెక్షన్‌లో కూడా చెప్పమన్నారు. పరీక్ష పేపర్లు దిద్దించుకున్నారు. ఉద్యోగం మాట అడిగితే, "చెప్తాం మేడం." ఒకరోజు క్లాసులో పిల్లలే చెప్పారట, "దీని ముందు పాఠం ఇంకో డెమో మేడం చెప్పింది. కెమిస్ట్రీకి డెమో సారే. మాకు అన్నీ డెమోలే మేడం" అని. అంటే ఉద్యోగాల కోసం తిరిగే పిల్లలతో సిలబస్ అంతా ఊరికే చెప్పించుకుంటున్నారు.

ఒక సాయంత్రం పిల్ల తడి బట్టలతో ఇంటికి వచ్చింది. వాన మధ్యాహ్నమే వెలిసింది.

"వానల అన్నం యాడ తిన్నవు బిడ్డ?"

"మెట్ల మీద అత్తా. స్టాఫ్ రూముల స్టాఫే కూసోవాల్నట."

చెల్లె వెంటనే నాకు ఫోను చేసింది. నేను నాకు తెలిసిందే చెప్పాను. "జర ఓపిక పట్టమను. వీరభద్రస్వామికి మొక్కుకున్న" అన్నాను.

"నువ్వు దేవునికి చెప్పుకో అక్క. నేను మనుషులకు చెప్పొస్త" అని పెట్టేసింది.

మర్నాడు మంచి చీర కట్టుకొని, మనవరాలిని చేర్పించాలని ఆ కాలేజీకి పోయింది. ఆమెకు మనవరాలు లేదు. ఆ అబద్ధానికి ఆమె తరఫున దేవునికి నేను చెప్పుకుంటాను. ప్రిన్సిపాల్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"ఫిజిక్స్ ఎవరు చెప్తరు సారు?"

కిటికీలోంచి ఎదుటి క్లాసు చూపించాడు. "ఆ మేడమేనమ్మా. యూనివర్సిటీలో చదివింది. మా పర్మనెంట్ ఫ్యాకల్టీ."

బోర్డు దగ్గర ఉన్నది మా పిల్లే.

"శానా ఏండ్ల సంది చెప్తుందా?"

"మొదటి నుంచీ మాతోనే ఉందమ్మా."

చెల్లె చాయ్ కింద పెట్టింది. "గా ముచ్చట ఆ పిల్లకు గూడ జర చెప్పున్రి సారు. ఎరుక లేక మెట్ల మీద కూసోని తింటుంది."

"మీరెవరు?"

"మేనత్తను. ఆర్డరు కాయితం ఇస్తరా, బిడ్డను తోలుకపోమంటరా?"

అతని గొంతు మారింది. "కొత్తవాళ్లకు అనుభవం వస్తదని అవకాశమిస్తున్నం. గిట్ల లొల్లి చేస్తే ఈ జిల్లాల ఏ కాలేజీ తీసుకోదు."

"నౌకరీ ఇయ్యకుంట అనుభవం ఎట్లిస్తున్రు సారు?" అని లేచి క్లాసు దగ్గరికి పోయింది. "రా బిడ్డ, పోదాం."

పిల్ల చేతిలో సుద్దముక్కతో వెనక్కి తిరిగింది. "ఈ లెక్క అయిపోనీ అత్తా. సగంల ఇడిస్తే వీళ్లకు సమజ్ కాదు."

ఎవరి కోసమూ ఆగని నా చెల్లె ఆ తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడింది. వెనకే ప్రిన్సిపాల్ గట్టిగా మాట్లాడుతూ వచ్చాడు. "మెల్లగ సారు. పాఠం నడుస్తుంది" అంది. లెక్క అయింది. ఇద్దరూ నడిచి వచ్చేశారు.

అందరూ చెల్లెనే తిట్టారు. "చేతిదాక వచ్చిన నౌకరీని నోటితోని చెడగొట్టినవు" అని తమ్ముడు ఆమెతో మాట్లాడడం మానేశాడు. మెట్ల మీద కూర్చోబెట్టినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్లది పెద్ద కాలేజీ కదా. పెండ్లిళ్లలో చుట్టాలు "పిల్లకు నౌకరీ ఇంకా యాడ రాలేదా?" అని నన్నే అడిగేవారు. చెల్లెను అడిగే ధైర్యం వాళ్లకు లేదు.

పిల్ల కూడా పరేషాన్ అయింది. "ఆడనే ఉంటే ఎన్నడో ఒకనాడు ఇద్దురేమో అత్తా" అంది.

"మెట్ల మీద కూసున్నోళ్లకు మెట్లే ఇస్తరు బిడ్డ. ఇంకోసారి ముందే అడుగు. కాదంటే కాదంటరు, నీ అన్నం నువ్వు ఇంట్ల తింటవు" అని చెల్లె అంది.

కొన్ని నెలలకు భూపాలపల్లిలో ఒక కాలేజీ పిలిచింది. చెల్లె వెంట పోయింది. ఆ రాత్రి నాకు ఫోను చేసింది. "అక్క, ఇయ్యాల నేను నోరు తెరువలె. సుద్దముక్క పట్టక ముందే పిల్లనే అడిగింది, డెమో ఎంతసేపు, ఎప్పుడు చెప్తరు అని. ఆడి ప్రిన్సిపాల్ మేడం గంట అన్నది. పొద్దుగూకేసరికి ఆర్డరు చేతుల పెట్టింది. నేను పోయింది దండుగ." ఆమె అంత సంతోషంగా మాట్లాడడం నేను మళ్లీ వినలేదు.

ఆ తర్వాత కూడా తమ్ముడు చెల్లె గడప తొక్కలేదు. మొన్న అందరికన్నా గట్టిగా ఏడ్చింది వాడే. బతికున్నప్పుడు ఒక ఫోను చేయలేకపోయాడు. పాడె ఆ కాలేజీ ముందు నుంచే పోయింది. గేటుకు "లెక్చరర్లు కావలెను" అని ఫ్లెక్సీ కట్టి ఉంది. ఏటా కడతారు. ఏటా ఎవరి బిడ్డలో వెళ్లి ఆ మెట్ల మీద కూర్చుంటారు. ఎవరూ అడగరు. అడిగినదాన్ని నోరు పెద్దదంటారు.

అత్త వస్తువుల్లో ఏం కావాలంటే మేనకోడలు అన్నం డబ్బా అడిగింది. మెట్ల మీద తిన్న స్టీలు డబ్బా అదే. మూత మీద చెల్లె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది.

పెద్దకర్మ అయ్యాక పిల్లను దించడానికి నేనూ భూపాలపల్లి వెళ్లాను. మధ్యాహ్నం ఆమె కాలేజీ స్టాఫ్ రూము గడప దాకా పోయి ఆగాను. డెమోకు వచ్చిన కొత్త పిల్ల ఒకతి గోడకు ఆనుకొని నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ సంచి. ఎక్కడ కూర్చోవాలో తెలియక చూస్తోంది. మా పిల్ల తన పక్క కుర్చీ లాగింది.

"కూసో చెల్లె. మొదలు అన్నం తిను."

డబ్బా మూత తీసి ఇద్దరి మధ్య పెట్టింది. వాళ్లు తినడం అయ్యేదాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.