తూర్పు కిటికీ తాడు

ఇందుమూలంగా మా బిల్డింగు వాసులకు తెలియజేయునది ఏమనగా, రెండో అంతస్తు తూర్పు కిటికీకి కట్టిన ఫ్లెక్సీని ఇకమీదట సాయంత్రం ఏడింటికి దించవలసిన పని లేదు, పొద్దున ఏడింటికి ఎత్తవలసిన పని అంతకన్నా లేదు. దాని తాడు మీద ఎవరైనా తడి తువ్వాళ్ళు ఆరేసుకోవచ్చు. మా ఇంటి ఓనరు సారు పోయిన మంగళవారం పోయారు. ఆ పొద్దున తాడు లాగింది నేనే. వెలుతురు ముఖం మీద పడినా ఆయన లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. బతికినన్నాళ్ళూ నిద్ర కోసం కొట్లాడిన మనిషి.

సారుది కోస్తా వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. నాది నల్లగొండ వైపు. పదో తరగతి ఆ లెక్కల్లోనే తప్పి, చివరికి ఆయన ఇంటి కిందే ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం పెట్టుకున్నాను. తనకు బైపోలార్ జబ్బు ఉందని నేను కిరాయికి దిగిన రోజే చెప్పారు, నల్లా నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పినట్టు. చలికాలం పగళ్ళు కురచబడితే మంచం దిగలేరు. మాఘం దాటి వెలుతురు పెరిగేకొద్దీ నిద్ర తగ్గి, మాట పెరిగి, మనిషి అదుపు తప్పుతారు. అందుకని మాత్రలతో పాటు వెలుతురుకూ టైం పెట్టుకున్నారు. చలికాలం మధ్యాహ్నం అరగంట డాబా మీద ఎండలో కూర్చునేవారు. ఎదురు చీరల షాపు బోర్డు లైట్లు, తెల్లవారుజాము వెలుతురు గదిలోకి రాకుండా కిటికీ మూసేవారు.

మామూలు తెర ఆపడం లేదంటే పాత ఫ్లెక్సీ ఇచ్చాను, కోచింగ్ సెంటర్ ర్యాంకర్లది. కావాలనే ముఖాలు లోపలికి వచ్చేట్టు కట్టాను.

"ఏంటయ్యా ఇది, నలభై మంది పిల్లలు నన్నే చూస్తున్నారు."

"మీ దగ్గర చదివినోళ్ళే గద సారూ. జర మిమ్మల్ని కనిపెట్టుకుంటరు."

"వీళ్ళెవరికీ నిద్ర లేదు. నాకైనా ఉండనీ."

తిప్పి కట్టమని మాత్రం అనలేదు. ఏడింటికే కిటికీ బంద్ ఏంది సారూ అని నేను వెక్కిరిస్తే, "వెలుతురు కూడా మందేనయ్యా, దానికీ మోతాదుంది," అనేవారు.

ఆ మాట విని కూడా నేను చేసిన పని చెప్తాను. ఆరేళ్ళ కిందటి చలికాలంలో సారు ఎనిమిది రోజులు మంచం దిగలేదు. హోర్డింగుల మీద కొట్టే ఫోకస్ లైటు భుజాన వేసుకుని సాయంత్రం పైకి పోయాను.

"సారూ, సూర్యుణ్ని కిరాయికి తెచ్చిన. లేవుండ్రి."

స్విచ్ వేస్తే గది తెల్లబడింది. ఆయన నవ్వారు. ఎనిమిది రోజుల్లో మొదటి నవ్వు. పొంగిపోయి లైటు అక్కడే వదిలేసి వచ్చాను.

రోజూ సాయంత్రం దాని ముందు కూర్చున్నారట. డాక్టరుకు చెప్పలేదు. వారం తిరిగేసరికి దుకాణంలోకి దిగివచ్చి, ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీ మీద మార్కరుతో లెక్కలు చేశారు. "మూడు రోజులైందయ్యా నిద్రపోయి, ఎంత తేలిగ్గా ఉందో," అన్నారు. నేను నవ్వాను. మర్నాడు ఎల్బీ నగర్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు పాఠం చెబుతూ రోడ్డు మధ్యకు నడిస్తే, ఎవరో పక్కకు లాగారు. దవాఖానకు పోయే ఆటోలో ఆయన భార్య నా వైపు చూడకుండా అన్నారు, "ఆ లైటు తీసుకెళ్ళిపో బాబూ."

లైటు వల్లే అని చెప్పలేం, కాదనీ చెప్పలేం అన్నాడు డాక్టరు. నెల తర్వాత సారు ఇంటికొచ్చారు, ఉద్యోగం లేకుండా, వణికే చేతులతో. "నీ తప్పేం లేదయ్యా, రోజులే అలాంటివి," అని నా భుజం తట్టారు. ఆ సాయంత్రమే ఫ్లెక్సీ తాడు కిటికీలోంచి కిందికి జారింది. ఆయన చేతులకు ముడి పడటం లేదు. నా షట్టరు కొక్కేనికి కట్టుకున్నాను. అప్పట్నుంచి ఏడింటికి నేను తాడు వదలడం, ఫ్లెక్సీ పూర్తిగా దిగాక ఆయన గ్రిల్ మీద రెండుసార్లు తట్టడం.

ఇంత రాశాక ఒకటి ఒప్పుకోవాలి. నీ తప్పేం లేదన్న మాట, భుజం తట్టడం, రెండూ నేను కల్పించినవి. సారు ఆ లైటు ఊసు ఎన్నడూ ఎత్తలేదు. అడగడానికి నాకు ఆరేళ్ళు సరిపోలేదు. నిన్న ఏడింటికి చెయ్యి దానంతట అదే తాడు వదిలింది. తడతారేమోనని తలెత్తి నిలబడ్డాను. ఫ్లెక్సీ ఇంకా దించే ఉంది. లోపల నలభై మంది ఖాళీ మంచాన్ని చూస్తున్నారు.