పేడనీళ్ళ శాస్త్రం

ఆ రోజుల్లో, అంటే స్వతంత్రం వచ్చిన కొత్తలో, దేశం పరువంతా నా ఒక్కడి చొక్కా జేబులోనే ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. (జేబులో నిజానికి ఉన్నవి మూడే: పెన్సిలు, కొలబద్ద, చిన్న నోటుపుస్తకం.) ఇంజనీరింగు డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు. కోనసీమ కాలువలు చూడడానికి హాలండు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వస్తే, వాళ్ళకు తోడుగా నన్ను వేశారు. ఒకాయన పొడుగు దొర, రెండో ఆయన కళ్ళజోడు దొర. పడవలో పది రోజులు కలిసి తిరిగేసరికి ముగ్గురం స్నేహితులమైపోయాం. చూపించవలసినవన్నీ నోటుపుస్తకంలో వరస నంబర్లు వేసి రాసుకున్నాను. లాకులు, తూములు, గన్నవరం దగ్గర నది మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు. (అది ఎవరు కట్టించారని వాళ్ళు అడిగేలోపే, ఎవరు కట్టారో చెప్పేశాను: మా కూలీలు.) పడవ నడిపేది మా సరంగు. యుద్ధానికి ముందు రంగూన్ రేవులో పనిచేసినవాడు కనుక దొరలతో వచ్చీరాని ఇంగ్లీషులో హాయిగా మాట్లాడేవాడు.

పదకొండో నంబరు నా సొంత కల్పన: ‘మా ఇంట్లో భోజనం’. మా దేశంలో ఇంటికొచ్చిన మనిషి ఎవరని అడగం, ముందు ఆకు వేస్తాం అని అప్పటికి నాలుగుసార్లు చెప్పి ఉన్నాను. మా ఊరు రాజోలు దగ్గర, కాలువగట్టు మీదే. ఇంట్లో పెత్తనం మా మేనత్తది.

“పెడతాన్రా, ఎందుకు పెట్టను? అరుగు మీద పెడతాను. గడప దాటేరో, నేను బావిలో దూకుతాను” అంది అత్తయ్య.

అరుగు మీదైతే గాలి బాగా వస్తుందని దొరలకు చెప్పాను. పనసపొట్టు కూర, కందా బచ్చలి, ముక్కల పులుసు అన్నీ మెచ్చుకున్నారు. పూతరేకు వడ్డిస్తే, పైన కాగితం విప్పి తినాలా అని పొడుగు దొర నా చెవిలో అడిగాడు. ఆ నవ్వుల్లో మా సరంగు ఎక్కడ తింటున్నాడో నేను చూడలేదు. (చూశాను. కంచె అవతల, కొబ్బరిచెట్టు కింద. అన్నం అతని ఆకులో మూరెడు ఎత్తు నుంచి పడుతోంది.)

సెలవు తీసుకుని అరుగు దిగి కంచె తలుపు దాకా వచ్చామో లేదో, వెనక చప్ చప్‌మని శబ్దం. అత్తయ్య బకెట్టుతో పేడనీళ్ళు చల్లుకుంటూ వస్తోంది. అరుగు, బల్ల, మెట్లు, దొరలు నడిచిన దారి, అడుగు వెంట అడుగు.

“ఇదేమిటి?” అన్నాడు కళ్ళజోడు దొర.

నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇందులో అమోనియా ఉంటుంది, పురుగులు చస్తాయి, ఇది మా పూర్వీకుల ఆరోగ్యశాస్త్రం అన్నాను. ఆయన అబ్బురపడి రాసుకున్నాడు. అంతటితో ఊరుకోక, దగ్గరగా చూస్తానని మళ్ళీ అరుగెక్కాడు.

“ఓరి నాయనో, మళ్ళీ ఎక్కేడేంట్రా! ఇప్పుడేగా శుద్ధి చేసేను!”

“ఏమంటున్నారు?” అన్నాడాయన.

“మీ శ్రద్ధకు సంతోషిస్తున్నారు.”

అయితే తన బూట్ల మీద కూడా చల్లమని కాళ్ళు ముందుకు చాపాడు. అత్తయ్య ధారాళంగా చల్లింది. “మీ అందరిలో వీడికొక్కడికే బుద్ధుంది” అంది.

పడవ కదిలాక కళ్ళజోడు దొర సరంగు వైపు తిరిగి, మీ ఇంట్లో కూడా ఈ పద్ధతి ఉందా అని అడిగాడు. సరంగు నావైపు చూశాడు.

“ఏం చెప్పమంటారండి? మా ఇంట్లో ఎందుకు చల్లుతారండి? మేం వెళ్ళేక మీ ఇళ్ళల్లో చల్లుతారు గానండి.”

“చెప్పకు. దేశం పరువు పోతుంది” అన్నాను.

“దేశం అంటే మీ అత్తయ్యగారి అరుగేనాండి?”

నేను నోటుపుస్తకంలోకి తల దూర్చాను. అతను దొరవైపు తిరిగి, అవును సార్, పురుగుల కోసమే అని ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత నాతో, గొంతు పెంచకుండా, “పురుగుల కోసమన్నానండి. అబద్ధం కాదు గదండీ?” అన్నాడు.

కళ్ళజోడు దొర నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మీ దేశంలో వంటింటి ఆడవాళ్ళకు కూడా సైన్సు తెలుసన్నాడు. అలాంటి మాట కోసమే నేను పది రోజులుగా ఎదురుచూశాను. తీరా అది వచ్చాక పెన్సిలుతో పదకొండో నంబరు పక్కన టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు.

చూపించడానికి అన్ని లాకులూ, అన్ని వంతెనలూ, రెండు భాషల్లో నిజం చెప్పగల సరంగూ పక్కనే ఉండగా, పేడనీళ్ళను చూసి గర్వపడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు పెదవి దాటదు. మర్నాడు పొద్దున్నే క్షమించమని అడుగుదామని సరంగు దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో మూడు అంశాలుగా రాసుకుని మరీ వెళ్ళాను. అతను గట్టున తాడు చుడుతున్నాడు. మూడింటిలో ఒక్కటీ నోట రాలేదు.

“చద్దన్నం తిన్నావా?” అన్నాను.

“ఆయ్. తిన్నానండి” అన్నాడు, తల ఎత్తకుండా.